యాభయ్యో ట్రే

భార్గవ సంతకం పెట్టాడు. చేతి గడియారం చూసుకుని సంతకం పక్కనే టైము కూడా వేశాడు: 10.42. ఆకుపచ్చ సిరా. ఆ తర్వాత కాగితాన్ని బల్ల మీద నా వైపు తిప్పాడు.

"చదువుకోండి వాగ్దేవి గారూ. నందిగామ నుంచి ఇంత ఎండలో వచ్చారు గానీ, ఇక్కడ మీకు పని లేదు. కేసు అయిపోయింది."

చదివాను. 'కారణం' అని అచ్చు వేసిన గడిలో ఒకటే వరుస ఉంది: లూర్దమ్మ, మానవ తప్పిదం. దాని కింద 'పైన రాసింది ఒప్పుకుంటున్నాను' అని ఉంది. వేలిముద్రకి చోటు వదిలారు.

"ఆవిడకి సంతకం వచ్చండీ," అంది కమలాకుమారి నీరసంగా. నర్సరీ ఆవిడదే. పొద్దున ఫోన్ చేసి నన్ను పిలిపించింది కూడా ఆవిడే.

పంతొమ్మిదేళ్ళు బీమా కంపెనీల తరఫున తగలబడ్డ గోడౌన్లూ బోల్తాపడ్డ లారీలూ తనిఖీ చేసి, విసుగు పుట్టి మానేసి, నందిగామ బస్టాండు ఎదురుగా మేడ మీద డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నదాన్ని నేను. 'మానవ తప్పిదం' అన్న మాట కనపడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట రాసినవాడు వెతకడం అక్కడితో ఆపేశాడని అర్థం.

జరిగినది ఇదీ. జగ్గయ్యపేట దాటాక ముక్త్యాల రోడ్డులో కమలాకుమారికి మూడు షెడ్ల మిర్చి నర్సరీ ఉంది. రైతులు ముందుగా చెబితే ప్లాస్టిక్ ట్రేల గుంటల్లో విత్తనం వేసి, నలభై రోజులు పెంచి నారు అందిస్తుంది. ట్రేకి తొంభై ఎనిమిది గుంటలు, గుంటకో మొక్క. మూడో షెడ్డులో ఉన్న పన్నెండు వందల ట్రేలూ రెడ్డిగూడెం వైపు రైతులు ఎనిమిది మందివి. ఈ ఏడు బజారులో విత్తనం దొరకని రకం. రేపు పొద్దున లారీకి ఎక్కించాలి. ఇవాళ సోమవారం, ఎనిమిదీ పదికి షెడ్డు తలుపు తీస్తే మొక్కలన్నీ మాడిపోయి ఉన్నాయి. గడ్డిమందు పడింది. నిన్న నాలుగింటికి ఆ షెడ్డుకి మందు కొట్టింది లూర్దమ్మ.

ఈ సాయంత్రం నాలుగింటికి రైతులందరూ వస్తారు. భార్గవ రాసిన కాగితం వాళ్ళ చేతికి వెళ్తే కమలాకుమారి తొమ్మిదేళ్ళ పేరుకి మచ్చ పడుతుంది. లూర్దమ్మనైతే ఇక్కడి నుంచి కంచికచర్ల దాకా ఏ నర్సరీలోనూ ట్రే ముట్టుకోనివ్వరు. యాభై రెండేళ్ళ మనిషి, నారు పని తప్ప మరో పని ఎరగదు. ఫీజు ఇచ్చేది కమలాకుమారే అయినా, నేను పట్టుబట్టి కూర్చున్నది మాత్రం లూర్దమ్మ కోసం.

ఇక ఈ భార్గవ. ఆరు నెలల కిందట కమలాకుమారి పెట్టుకున్న సలహాదారు. మనుషుల పొరపాట్లు పూర్తిగా తీసేస్తే ఏ వ్యాపారమైనా దానంతటదే పైకొస్తుందని అతని సిద్ధాంతం. ఆఫీసు గోడకి తన నియమాల బోర్డు, దాని పక్కనే 'పొరపాటు లేని రోజులు' అని పలక తగిలించాడు. నిన్నటి దాకా దాని మీద 174 ఉందట. ఇవాళ సున్నా. ఆ సున్నాని కూడా ఎంత గుండ్రంగా రాశాడో చూస్తే ముచ్చటేసింది.

"శనివారం నర్సరీలో ఎవరున్నారు?" అని అడిగాను.

"ఎవరూ లేరండీ," అంది కమలాకుమారి. "కంచికచర్లలో మా మేనకోడలి పెళ్ళి. పనివాళ్ళందర్నీ బస్సులో తీసుకెళ్ళా. తొమ్మిదిన్నరకి తాళం వేశాం, నాలుగున్నరకి తిరిగొచ్చాం."

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి భార్గవ గారి దగ్గర."

"నేను హైదరాబాద్‌లో ఉన్నా," అన్నాడు భార్గవ, నేను అడక్కముందే. "శుక్రవారం సాయంత్రం వెళ్ళి ఆదివారం మధ్యాహ్నం వచ్చా. ట్రైనింగ్ క్లాసు చెప్పడానికి."

"గేటు దగ్గర కెమెరా ఉంది గదా?"

"శనివారం పదకొండూ అయిదు నుంచి ఒంటిగంటా యాభై అయిదు దాకా ఆగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. నేనే పెట్టా. ఎవరూ లేని రోజు పెట్టడమే పద్ధతి."

"నిమిషాలతో సహా గుర్తుందే!"

"నిమిషాలు గుర్తు పెట్టుకోనివాళ్ళే పొరపాట్లు చేస్తారు. ఆ తర్వాత మీలాంటివాళ్ళని పిలుస్తారు."

అంతలో బయట కేకలు వినపడ్డాయి. తలుపు తోసుకుని ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. రత్తయ్య అని, ఆ ఎనిమిది మంది రైతుల్లో ఒకడు. రెండు వందల ట్రేలు ఆయనవే.

"ఏం తల్లీ కమలమ్మా! నాలుగింటిదాకా ఆగే ఓపిక నాకు లేదు. నా నారు మాడిపోయిందన్న మాట నీ నోటితో చెప్పాల్సింది పోయి, ఊళ్ళోవాళ్ళు చెబితే వినాలా?"

"నేను తొమ్మిదింటికే ఫోన్ చేశా గదా బాబాయ్," అంది కమలాకుమారి.

"ఏడున్నరకే తెలిసింది నాకు!"

బల్ల మీద ఉన్న టీ గ్లాసు అక్కడే వదిలేసి లేచాను. "ఏడున్నరకా? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి బాబాయ్."

"గుర్తు తెచ్చుకునేదేంది అమ్మాయ్, ఫోన్‌లోనే ఉంది చూడు." చూశాను. ఏడూ ముప్ఫై రెండు. "నందిగామ నుంచి ఎవరో దిలీప్ అంట. కొత్తగా నర్సరీ పెట్టాడంట. 'మీ నారు మాడిపోయిందంట గదండీ, అదే రకం మా దగ్గర రెడీగా ఉంది, ఇవాళే వచ్చి చూసుకోండి' అన్నాడు."

నేను భార్గవ వైపు చూశాను. "షెడ్డు తలుపు తీసింది ఎనిమిదీ పదికి. దానికి ముప్ఫై ఎనిమిది నిమిషాల ముందే నందిగామలో తెలిసింది. నిమిషాలు మీకు బాగా వచ్చు గదా, దీన్ని ఏ గడిలో రాస్తారు?"

"పుకార్లకి గడి లేదు," అన్నాడు. మొహం మామూలుగానే ఉంది, కాని కలం మూత రెండుసార్లు తీసి పెట్టాడు.

అందరం మూడో షెడ్డుకి వెళ్ళాం. మాడిన వాసన, అడుగున ఏదో ఘాటు. ట్రేలు వరసల్లో పేర్చి ఉన్నాయి. ఒక్కో వరస వంగి చూస్తూ నడిచాను. ఆకులు ముడుచుకుపోయి గోధుమరంగుకి తిరిగాయి. కానీ మొక్క లెక్కలో లోటు లేదు. ఏ ట్రే చూసినా తొంభై ఎనిమిది గుంటలకీ తొంభై ఎనిమిది మాడిన మొక్కలు.

"చాలా సింపుల్," అన్నాడు భార్గవ. "మందు కలిపి, సీలు వేసి, క్యాన్లలో ఉంచుతాం. నీలం స్టిక్కరు పురుగుమందు, ఎర్ర స్టిక్కరు గడ్డిమందు. ఆవిడ ఎర్ర క్యాను తెచ్చి పంపులో పోసింది."

"కలిపి సీలు వేసేది ఎవరు?"

"నేనే. ప్రతి శుక్రవారం. అందుకే అక్కడ పొరపాటుకి అవకాశం లేదు."

"ఖాళీ క్యాను ఏది?"

"కడిగి పంపించేశాం. అదీ పద్ధతే."

"మీ పద్ధతులన్నీ సాక్ష్యాలని భలే శుభ్రంగా కడుగుతాయండీ," అన్నాను. కమలాకుమారి ఇబ్బందిగా దగ్గింది. భార్గవ మాత్రం నా వైపు జాలిగా చూశాడు. బీమా ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా నన్ను ఇలాగే జాలిగా చూసిన పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇంకా జైల్లోనే ఉన్నారు.

లూర్దమ్మ షెడ్డు వెనక నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన మొహం. మిగతావాళ్ళని దూరంగా ఉండమని చెప్పి ఆవిడ పక్కనే గట్టు మీద కూర్చున్నాను.

"లూర్దమ్మక్కా, నువ్వు తెచ్చిన క్యాను ఏ రంగు?"

"నీలమేనండీ. నీలమే అనుకుంటున్నా. ఇందాకటి నుంచి సార్ ఎర్రది ఎర్రది అంటుంటే, ఏమో, పొరపాటు పడ్డానేమో అనిపిస్తా ఉంది."

"మందు వాసన తేడాగా లేదా?"

"ఉందండీ. ముక్కులు మండినాయి. ఇదివరకైతే మూత తీసి చూసేదాన్ని, కమలమ్మ గారిని పిలిచి చూపించేదాన్ని. ఇప్పుడు సీలు వేసినదాన్ని ప్రశ్నించగూడదు, బోర్డు మీద ఉన్నట్టు చెయ్యాలంతే అన్నారు సార్. నోరు మూసుకుని కొట్టా." ఆవిడ కళ్ళు మళ్ళీ నిండాయి. "ఆ కాయితం మీద సంతకం పెట్టేస్తానమ్మా. నా చేత్తోనే గదా కొట్టింది."

ఆ క్షణంలో నాకు ఎంత కోపం వచ్చిందంటే, లేచి వెళ్ళి ఆ పలక మీది సున్నాని చెంగుతో తుడిచేద్దామనుకున్నాను. కోపం దిగమింగుకోవడానికి అటూ ఇటూ చూశాను. అప్పుడు కనపడ్డాయి ట్యాంకు వెనక బంతి మొక్కలు. రెండు బారల పొడవునా వరసలుగా పూసి ఉన్నాయి. ఎవరో ఇష్టంగా పెంచుతున్న మొక్కలు. ఒకటి కదిపి చూశాను. వేళ్ళ దగ్గర మట్టి లేదు. కొబ్బరిపొట్టు, ట్రే గుంట ఆకారంలోనే గట్టిపడి ఉంది.

"ఇవి ట్రేల్లోంచి వచ్చాయి గదక్కా?"

లూర్దమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది. మందు గురించి అడిగినప్పుడు లేని భయం ఇప్పుడు మొహంలో కనపడింది. "సార్‌కి చెప్పబాకండమ్మా."

"ఏం చెప్పొద్దు?"

చాలాసేపు చేతులు నలుపుకుంది. ఆ తర్వాత నేల మీద చూపు పెట్టి చెప్పింది. "నాకు లెక్క యాభై దాటితే తప్పిపోద్దండీ. చిన్నప్పటి నుంచీ అంతే. గింజలేసేటప్పుడు ఒకరు పలకరించినా ఎక్కడున్నానో మర్చిపోతా. అందుకని యాభయ్యో ట్రే కాడికి రాగానే మొదటి మూల గుంటలో మిర్చి బదులు బంతి గింజ వేస్తా. ఎక్కించేటప్పుడు బంతి కనపడిందంటే యాభై అయినట్టు. అప్పుడా మొక్క తీసి మిర్చి పెట్టేసి, దాన్ని ఇక్కడ నాటుకుంటా. పూలు కోసి ఆదివారం మేరీమాత దగ్గర పెడతా."

"ఎన్నేళ్ళ నుంచి?"

"నర్సరీ పెట్టిన కాడి నుంచీ."

"ఇన్నేళ్ళూ ఎవరికీ కనపడలేదా?"

"పైకి ఎదగనియ్యనండీ. మందు కొట్టేటప్పుడల్లా గోటితో చిగురు తుంచుతా, మిర్చి ఆకుల కింద దాగి ఉంటది. సార్ వచ్చాక మరీ భయం. ట్రేలో వేరే మొక్క ఉంటే పెద్ద తప్పంట."

ఆవిడ వైపు తిరిగాను. "నిన్న మందు కొట్టేటప్పుడు బంతులు ఉన్నాయా?"

"లేవండీ." గొంతు బాగా తగ్గించింది. "ఒక్కటి గూడా లేదు. సార్ చూసి పీకేయించారనుకున్నా. అడిగితే నేనే ఒప్పుకున్నట్టు అవుద్ది గదా. అందుకే అడగలా."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని దాదాపు పరిగెత్తించాను. షెడ్డులోకి వెళ్ళి మళ్ళీ మొదటి వరస నుంచి మూలలు చూశాం. పీకేస్తే గుంట ఖాళీగా ఉండాలి, లేదా కొత్తగా పెట్టిన మొక్క చిన్నదిగా ఉండాలి. ఏ మూలా ఖాళీ లేదు, ఏ మొక్కా చిన్నది కాదు. అన్నీ ఒకే వయసు మిర్చి మొక్కలు.

"అక్కా," అన్నాను మెల్లగా, "నువ్వు మాడ్చిన నారు నువ్వు పెంచింది కాదు. ఈ ట్రేలు అసలు నీవే కావు."

లూర్దమ్మ నోరు తెరిచి నా వైపు చూసింది. ఆ మాట ఆవిడ లోపలికి దిగడానికి కొంచెంసేపు పట్టింది. దిగాక, ఏడవలేదు. పైట బిగించి నడుముకి చుట్టుకుంది. "మరి నావి ఎక్కడండీ?" అని అడిగింది. పొద్దున్నుంచి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది.

శనివారం అందరూ పెళ్ళిలో ఉండగా, కెమెరా ఆగిన మూడు గంటల్లో, ఎవరో మామూలు రకం నారు తెచ్చి ఇక్కడ పెట్టి, అసలు నారు ఎత్తుకుపోయారు. మామూలు నారుని అలాగే వదిలేస్తే రైతులు ఆకు చూసి గుర్తుపడతారు. మాడిపోతే ఎవరికీ తెలియదు. అందుకే మందు మార్చారు, అందుకే ఆ మందు లూర్దమ్మ చేత కొట్టించారు. ఎత్తుకుపోయిన నారు ముదిరిపోకముందే ఈ వారంలో అమ్మేసుకోవాలి. రత్తయ్యకి ఫోన్ ఊరికే రాలేదు.

కమలాకుమారిని పక్కకి పిలిచి చెప్పాను. "రెండున్నరకి భార్గవని మీ కారులో నందిగామ తీసుకురండి. నేను ఓడిపోయానని, ఆయన రిపోర్టు మీద నేను కూడా సంతకం పెడతానని చెప్పండి. రిపోర్టు తెచ్చుకోమనండి. డ్రైవింగ్ మాత్రం మీరే చెయ్యండి."

"ఓడిపోయారంటే ఆయన నమ్ముతాడా?"

"ఆ ఒక్కటీ వెంటనే నమ్ముతాడు."

రత్తయ్యకీ విషయం చెప్పి, లూర్దమ్మని వెంటపెట్టుకుని ఆయన కారులో బయల్దేరాను. దారిలోనే నందిగామ పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను. మనిషిని పంపుతామన్నారు. ఒంటిగంటా పదికి రత్తయ్య కారు దిలీప్ నర్సరీ ముందు ఆగింది. రత్తయ్య కొనడానికి వచ్చిన రైతు, నేను ఆయన చెల్లెల్ని, లూర్దమ్మ మా నాట్లు వేసే మనిషి. అలా అనుకుని లోపలికి వెళ్ళాం.

దిలీప్‌కి ముప్ఫై ఏళ్ళుంటాయి, చొక్కా నలగలేదు. "రండి బాబాయ్, రండి! మీ రకమే, మా చేతుల మీద ముప్ఫై అయిదు రోజులు పెంచాం. మా దగ్గర మనిషి పొరపాటు అనేదే ఉండదు. కావాలంటే తనిఖీ పుస్తకం చూడండి. యశస్వినీ, పుస్తకం తీసుకురామ్మా." అక్కడ పనిచేసే ఆ అమ్మాయి అట్ట వేసిన పెద్ద పుస్తకం తెచ్చి ఎంతో గర్వంగా నా చేతికిచ్చింది. నేను తెరవకుండా చంకలో పెట్టుకున్నాను.

"నారు ముందు మా మనిషి చూస్తుంది," అన్నాను.

లూర్దమ్మ అప్పటికే షెడ్డులోకి వెళ్ళిపోయింది. నారు ఏపుగా, ముదురాకుపచ్చగా ఉంది. ఆవిడ ఆకులు ముట్టుకోలేదు, మూలలు మాత్రం చూసుకుంటూ నడిచింది. నాలుగో వరసలో ఆగింది. వంగింది. నన్ను చెయ్యి ఊపి పిలిచింది.

ట్రేలో తొంభై ఏడు మొక్కలు జానెడు పొడవున్నాయి. మూల గుంటలో మాత్రం మూడాకుల పిల్ల మొక్క, రెండు రోజుల కిందట పెట్టినట్టుంది. లూర్దమ్మ చూపుడు వేలితో ఆ గుంటలో కొబ్బరిపొట్టు పక్కకి జరిపింది. పిల్ల మొక్క పక్కనే తుంచేసిన కాడ మొదలు, కాస్త ఎర్రగా. గోటితో గీరి నా ముక్కు దగ్గర పెట్టింది.

బంతి వాసన. మరి దేనికీ ఆ వాసన ఉండదు.

"ఏంటండీ, ఏం చూస్తున్నారు?" అని దిలీప్ గాభరాగా వచ్చాడు.

"లెక్క చూసుకుంటున్నాం," అన్నాను. రత్తయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, పంట గురించీ వాన గురించీ ఆపకుండా మాట్లాడుతూ పక్కకి తీసుకెళ్ళాడు. ఆ పెద్దాయన నటనకి మా బస్టాండు మేడ మీద ఉద్యోగం ఇవ్వొచ్చు.

లూర్దమ్మ వరస వరసా నడిచింది. ట్రేలు కలిసిపోయి ఉన్నాయి, యాభైకి ఒకటి చొప్పున లేవు. కొన్నిట్లో ఎడమ పై మూల, కొన్నిట్లో కుడి కింది మూల. ట్రేని తిప్పి పెడితే రెండూ ఒకటే మూల. ఆవిడ పెదవులు కదుపుతూ, మధ్యలో ఎవరు పలకరించినా తల ఎత్తకుండా, ఆఖరి వరస దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"ఇరవై నాలుగు," అంది.

"సరిగ్గానే లెక్కపెట్టావా అక్కా?"

"యాభై లోపే గదండీ." ఆ రోజు ఆవిడ నవ్వడం నేను మొదటిసారి చూశాను. "తప్పిపోదు."

పన్నెండు వందల్లో యాభైకి ఒకటి చొప్పున ఇరవై నాలుగు. నాకు గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు గానీ, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను.

అప్పుడు పుస్తకం తెరిచాను. శనివారం పేజీలో యశస్విని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: 'మధ్యాహ్నం 3.20. వచ్చిన ట్రేలు 1200. తనిఖీలో 24 ట్రేలలో మూల గుంటలో మిర్చి కాని మొక్క కనపడింది. వేరు గట్టిగా పట్టి ఉన్నందున మొదలు దగ్గర తుంచి, పక్కన మిర్చి మొక్క పెట్టడమైనది.' ఆ కింద పరిశీలించినవారి సంతకం. నేను ఆ సంతకాన్ని, దాని పక్కన అంకెల్ని రెండుసార్లు చూసి పుస్తకం మూసేశాను.

రెండూ ఇరవై అయిదుకి కమలాకుమారి కారు వచ్చింది. గేటు మీద దిలీప్ బోర్డు కనపడగానే భార్గవ ఏదో అన్నాడు. కమలాకుమారి అదేమీ విననట్టు తిన్నగా లోపలికి తోలుకొచ్చి ఇంజను ఆపింది. అప్పటికే వచ్చిన కానిస్టేబుల్ ప్రేమానందం గేటు మూసి, దానికే ఆనుకుని నిలబడ్డాడు.

"ఇదేంటి? మీ ఆఫీసు అన్నారు గదా?" అన్నాడు భార్గవ.

"చిన్న పొరపాటు," అన్నాను. ఆ మాట అనడంలో ఎంత సుఖముందో చెప్పలేను. "దిలీప్ గారు తెలుసా మీకు?"

"తెలీదు."

"ఈ నర్సరీకి ఎప్పుడైనా వచ్చారా?"

"ఎప్పుడూ లేదు."

అందరి ముందూ బంతి గింజల సంగతి చెప్పాను. ఇరవై నాలుగు ట్రేల సంగతి చెప్పాను. భార్గవ తల అడ్డంగా ఊపాడు. "కలుపు మొక్క ఏ నర్సరీలోనైనా వస్తుంది. యాదృచ్ఛికం. దీన్ని సాక్ష్యం అంటారా?"

"ఒకే మూలలో ఇరవై నాలుగు సార్లు వచ్చే కలుపుని నేను చూడలేదు. సరే, అది వదిలేయండి." పుస్తకం తెరిచి అతని ముందు పెట్టాను. పేజీ కింద ఆకుపచ్చ సిరా సంతకం. దాని పక్కన 3.46. "శనివారం మధ్యాహ్నం మీరు హైదరాబాద్‌లో ఉన్నారు. మీ కలం మాత్రం ఇక్కడికి ఎలా వచ్చింది?"

యశస్వినికి ఏమీ అర్థం కాలేదు పాపం. "మీరే గదా సార్, తప్పు కనపడితే సరిచేసి, రాసి, మీకు చూపించమన్నారు? పేజీ చాలా బాగుందని మెచ్చుకుని సంతకం పెట్టారు గదా?" అంది.

దిలీప్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. "నర్సరీలో సగం ఆయనదేనండీ. వ్యాన్లు పెట్టింది ఆయనే. తాళం తెచ్చింది, కెమెరా ఆపింది, క్యాను స్టిక్కరు మార్చింది అంతా ఆయనే. జగ్గయ్యపేట నర్సరీ పేరు పోతే రైతులందరూ మన దగ్గరికే వస్తారన్నాడు. ఏడున్నరకి ఫోన్ చేసింది మాత్రం నా తప్పు. తొమ్మిది తర్వాత చెయ్యమన్నాడు, నేను ఆగలేకపోయా."

ఎదుటివాడి ట్రేలో బంతి మొక్క పొరపాటని అనుకున్నాడు భార్గవ. కాదు. తన లెక్క ఎక్కడ తప్పుతుందో తెలిసిన ఒక మనిషి, తప్పకుండా ఉండడానికి పెట్టుకున్న గుర్తు అది. దాన్ని సరిచేయించి సంతకం పెట్టకుండా ఊరుకుని ఉంటే, అతను ఇక్కడికి వచ్చాడనడానికి సాక్ష్యమే దొరికేది కాదు.

కమలాకుమారి లూర్దమ్మ దగ్గరికి వెళ్ళింది. "తొమ్మిదేళ్ళలో ఒక్క రైతుకి ఒక్క ట్రే తక్కువ వెళ్ళలేదు మన దగ్గర్నుంచి. ఆ పేరుతోనే గదా ఇంతదాకా వచ్చాం. అదంతా నా జాగ్రత్తే అనుకున్నా లూర్దమ్మా." "నాకొక్క మాట చెప్పకపోయావా?"

"తిడతారేమోనని అమ్మగారూ," అంది లూర్దమ్మ. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళే.

రత్తయ్య అప్పటికే లారీకి ఫోన్ చేస్తున్నాడు. "నాలుగింటికి రైతులు పేటకి వస్తే అక్కడ నారు ఉండాలి! రేపటిదాకా ఎందుకు, ఇవాళే ఎక్కించుకుపోతాం!" అని అరుస్తున్నాడు. ప్రేమానందం భార్గవ మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం ఉండండయ్యా," అంది లూర్దమ్మ.

అందరూ ఆగారు. ఆవిడ నడిచి వెళ్ళి భార్గవ ఎదురుగా నిలబడింది. ఆరు నెలల్లో ఆవిడ అతని కళ్ళలోకి చూడడం అదే మొదటిసారి అయ్యుండాలి.

"ఆ కాయితంలో కారణం అన్నచోట నా పేరు రాశారు గదండీ. అది తప్పు. తప్పు కనపడితే ఏం చెయ్యాలో బోర్డు మీద మీరే రాశారు. ఒక గీత కొట్టి, సరైంది రాసి, సంతకం పెట్టాలని. కొట్టి రాయండి సార్."

భార్గవ ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. కాదంటాడనే అనుకున్నాను. కానీ ఒక తప్పు కాగితం మీద అలాగే ఉండిపోవడాన్ని ఆ మనిషి నిజంగానే ఓర్చుకోలేడు. జేబులోంచి కాగితం తీశాడు, కారు బానెట్ మీద పరిచాడు. 'లూర్దమ్మ, మానవ తప్పిదం' అన్న వరస మీద స్కేలు పెట్టినట్టు తిన్నగా ఒక గీత గీశాడు. కలం గాలిలో కాసేపు ఆగింది. ఆ తర్వాత పక్కన నెమ్మదిగా రాశాడు: మానవ తప్పిదం కాదు.

కింద సంతకం పెట్టి, గడియారం చూసుకుని, అలవాటు కొద్దీ టైము కూడా వేశాడు. 2.51.